ఎఱ్ఱని నురుఁగు - దాని యనుపానము



నేఁటి ప్రసంగవిషయమును విని మీలోఁ గొందఱు నవ్వవచ్చును. ముప్పదియేండ్లకుఁ బైఁగా బడిపిల్లలకు సంధులును సమాసములును జెప్పి విరమించిన పంతులు, పుట్టినది మొదలు మద్యబిందువును నాలుకపై వేసికొననివాఁడు, జర్మనీ దేశపు టెఱ్ఱద్రాక్షల నురుఁగు మద్యమును గూర్చియు, దానితోఁ దినఁదగిన వంటకములను గూర్చియు మాటాడుట యేమని మీ రడుగవచ్చును. అట్టి సీసా యొకటి మూఁడువారములు నా పుస్తకముల బీరువాలో నుండెను. ఇంటికి వచ్చిన యతిథి యెట్టివాఁడైనను వాని పుట్టుపూర్వోత్తరముల నారా తీయుట పంతుళ్ళకు స్వభావము. నే నంతమాత్రమే చేసితిని. త్రాగుఁడని చెప్పుటకు నేను రాలేదు. ఎంత కొంచెమైనను మద్యము నిరపాయకరము కాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 జనవరి మాసమున ప్రకటించినది. ఆ మాట ముందుగాఁ జెప్పి కథకు వచ్చెదను.

2022 డిసెంబరు తుదిని నా పూర్వశిష్యుఁ డొకఁడు మార్కాపురమునకు వచ్చెను. అతఁడు జర్మనీలో ఆర్ అను చిన్న నది యొడ్డున నొక భోజనశాలలో వంటవాఁడు. ఆ నది మన గుండ్లకమ్మవలెఁ గొండల సందుల మెలికలు తిరిగి, తుదకు రైను మహానదిలోఁ గలియును. 2021 జులై 14వ తేది రాత్రి యా నది యొక్కసారిగాఁ బొంగి, గట్లు దాఁటి, యిండ్లను వంతెనలను ద్రాక్షమద్యపు నేలమాళిగలను ముంచివేసెను. ఆ లోయలో నూటముప్పదిమందికిఁ బైఁగా మరణించిరి. నీరు తీసిన పిమ్మట మాళిగలనుండి బురద పూసికొన్న సీసాలు వేలకొలఁదిగా బయటఁబడెను. లోపలి రసము చెడలేదు, పైచీటీలు మాత్రము పోయినవి. అక్కడి రైతులు వానిని గడుగకయే, బురదతోనే, సహాయనిధి కొఱకు విక్రయించిరి. అట్టి సీసా నొకదానిని నా శిష్యుఁడు కొని, ఏడాదికిఁ బైఁగా దాఁచి, చీరె మడతలలోఁ జుట్టి తల్లికిఁ జూపుటకుఁ దెచ్చెను.

తల్లి చూచెను. చూచి, గడప యవతలనే నిలువుమనెను.

"సీసా నా గడప తొక్కగూడదురా. మీ నాయనతోనే పోయిందనుకున్నా. మళ్లీ నువ్వు తెస్తావా?"

అందుచే నా సీసా నా యింటికి వచ్చినది.

ఆ తల్లి మాటకు వెనుక నున్న కథలో నాకును బాలు కలదు గావునఁ జెప్పక తప్పదు. శిష్యుని తండ్రి పలకల గనిలోఁ బనివాఁడు. మార్కాపురపుఁ బలక యనఁగానే తెలుఁగునాఁట నక్షరాభ్యాస మైన వారందఱికిని దెలియును. రాతిదిమ్మెను ఉలితోఁ దట్టి, పొరపొరగాఁ జీల్చి, కోసి, కొయ్యచట్రము బిగించి బడులకుఁ బంపెడివారు. నేఁడు పలక వాడుక తగ్గి, యదే రాయి యిండ్ల నేలలకును గోడలకును బోవుచున్నది. అతఁడు చేయి తిరిగిన పనివాఁడు. కాని యా కాలమున సారా ప్రభుత్వము వారి యేర్పాటుననే పొట్లములలో వీధివీధిని దొరకెడిది. కూలి డబ్బు సాయంకాలమునకే పొట్లములుగా మాఱెడిది. ఒకనాఁడు పిల్లవాఁడు వాచకము లేకుండ నా తరగతికి వచ్చెను. మఱునాఁడు నట్లే. మూఁడవనాఁడు నేను బెత్తముతోఁ గొట్టితిని. ఏల తేలేదని యడిగితిని గాని, సమాధానము కొఱకు నిలువలేదు. ఆ సాయంకాలము తల్లి బడికి వచ్చి, "పుస్తకాలు అంగట్లో ఉన్నాయి అయ్యవారూ, మూడు పొట్లాలకు పెట్టినాడు" అని చెప్పి వెడలిపోయెను. ఆమె నన్ను నిందింపలేదు. నిందించియున్నచో నాకుఁ గొంత యూఱట యై యుండును.

అది 1992 ప్రాంతము. ఆ యేఁటనే నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాయంగడిని మూయించిరి. అక్షరాస్యతా తరగతులలో వారు చదివిన పాఠములే యా యుద్యమమునకు నిప్పురవ్వ లైన వని విని, పంతులుగా నేను గర్వించితిని. 1993 అక్టోబరు 1 నుండి సారాయి నిషేధింపఁబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో సడలెను. మా శిష్యుని తండ్రికి 1993వ సంవత్సరమే యాలస్య మయ్యెను.

ఇఁక సీసా సంగతి.

ఆర్ లోయ ద్రాక్షతోఁట లన్నియుఁ గలిపినను అయిదువందల పైచిల్లర హెక్టారులే. జర్మనీ యనఁగాఁ దెల్లద్రాక్షల దేశము. ఆ దేశమం దీ లోయ మాత్రము నూటి కెనుబది వంతు లెఱ్ఱద్రాక్షలే పండించును. అందు ముఖ్యమైనది స్పేట్‌బుర్గుండర్ అను జాతి. ఉత్తరధ్రువము వైపున నంత దూరమున, ఏఁబది యక్షాంశములకుఁ బైని, ఎఱ్ఱద్రాక్ష యెట్లు పండుచున్నదని యడిగితిని. శిష్యుఁడు నవ్వి, "మన రాయే అయ్యవారూ" అనెను. ఆ కొండలు పలకరాతి కొండలు! నిట్రమైన దక్షిణపు వాలుల మీఁద నల్లని పలకరాయి పగలెల్ల నెండను మ్రింగి, రాత్రి తీఁగకు వెచ్చఁదన మిచ్చును. మార్కాపురములోఁ బలకరాతి నేలపై వేసవి రాత్రి పండుకొన్నవారి కా వెచ్చఁదన మెట్టిదో నేను వర్ణింపఁ బనిలేదు. మనకు శాప మైనది వారికి వర మైనది.

అక్కడి మైషాస్ గ్రామపు రైతులు 1868లోనే సహకారసంఘముగా నేర్పడిరి. సొంతముగా మాళిగ కట్టుకొనలేని చిన్న రైతులు దళారుల చేతఁ జిక్కక, పంటను గూడి పిండి, గూడి యమ్ముకొనుటకుఁ జేసికొన్న యేర్పాటది. పలకల పనివారు మన కడ నెన్నఁడైన నిట్లు గూడిరా యని నా శిష్యు నడిగితిని. అతఁడు మాటాడలేదు.

ఎఱ్ఱద్రాక్ష యని పేరే గాని, ఆ పండును బిండిన రసము దాదాపు నీరువలె నుండును. ఎఱుపంతయుఁ దొక్కలో నున్నది. తొక్కలను వెంటనే తీసివేసినచో నల్లనిపండునుండి తెల్లని మద్యము వచ్చును. తొక్కలతోఁ గూడఁ బులియఁబెట్టినచో నెఱుపును, దానితో నొక విధమైన వగరును దిగును. ఇది మొదటి పులియుట. నురుఁగు కొఱకు రెండవమాఱు పులియఁబెట్టవలెను. తయారైన మద్యమును సీసాలోఁ బోసి, లీటరునకు సుమారు 24 గ్రాముల చక్కెరయుఁ గొంచెము కిణ్వమును వేసి బిరడా బిగింతురు. కిణ్వమను మాట అమరకోశము నాఁటిది, క్రొత్తది కాదు. ఆ కిణ్వము చక్కెరను దిని బొగ్గుపులుసు వాయువును విడుచును. వాయువు పోవుటకు దారి లేక రసములోనే లీనమగును. లోపలి యొత్తిడి కారుచక్రములోని గాలి యొత్తిడికి రెట్టింపునకుఁ బై మాటే. అందుకే గాజు మందము, బిరడాకుఁ దీఁగె కట్టు. సీసాలోనే పులిసిన దానిని తక్కువలోఁ దక్కువ తొమ్మిది మాసములు మడ్డిమీఁద నుంచవలెనని యచ్చటి నియమము. తరువాత సీసాను గొంచెము కొంచెముగాఁ ద్రిప్పుచు మడ్డిని మెడలోనికిఁ దెచ్చి, దానిని వెడలించి, మరల బిరడా వేయుదురు.

మన నల్లమల యంచున నీతచెట్టు కల్లు పొంగుటకును గారణ మిదే. కుండలోని కిణ్వము తీపిని దినును, నురుఁగు లేచును. కాని కుండకు బిరడా లేదు గావున వాయువు గాలిలోఁ గలిసిపోవును, సాయంకాలమునకుఁ గల్లు పులిసి చేటగును. ఈ రెంటికిని నడుమ నున్న భేద మంతయు నొక బిరడాయును దొమ్మిది మాసముల యోర్పును.

దీనిని జర్మనులు సెక్ట్ అందురు. మాటల పుట్టుక వెదకుట నాకు వ్యసనము. బెర్లినులో 1825లో దేవ్రియెంట్ అను నటుఁడు షేక్స్పియరు నాటకములోని లావుపాటి వీరుని వేషము వేసి, రంగస్థలము దిగినను వేషము దిగక, మద్యశాలకుఁ బోయి నాటకభాషలోనే 'సెక్ట్' తెమ్మని యఱచెననియు, పనివాఁడు యథాప్రకారముగ నురుఁగు మద్యమును దెచ్చెననియు, నాఁటినుండి యా పేరు నిలిచెననియు నొక కథ కలదు. ఆ మఱుసటి యేఁట, 1826లో, కెస్లర్ అను వర్తకుఁడు ఎస్లింగెన్ పట్టణమున నా దేశపుఁ దొలి నురుఁగు మద్యశాలను స్థాపించెను. అతఁ డంతకు ముందు ఫ్రాన్సులో నా విద్యను నేర్చినవాఁడు. 1902లోఁ జక్రవర్తి యుద్ధనౌకల కొఱకు దీనిపైఁ బన్ను వేసెను. ఆ నౌకలు 1919లో సముద్రగర్భమునఁ జేరినవి. పన్ను 1933లో నెత్తివేయఁబడి, 1939లో మరల వచ్చి, నేఁటికి నీరు తగులక తేలుచునే యున్నది. సామాన్యమైన సీసాకు యూరో పైని రెండు సెంట్లు.

పేరులలో నింకొక మోసము కలదు. సీసాపై ట్రోకెన్ అని వ్రాసియుండును. ఆ మాటకుఁ బొడి యని, అనఁగాఁ దీపి లేనిదని యర్థము. కాని నురుఁగు మద్యమున నా పేరు గలదానికి లీటరునకు 17 మొదలు 32 గ్రాముల వఱకుఁ జక్కెర యుండవచ్చును. నిజముగాఁ దీపి తక్కువ కావలసినవాఁడు బ్రూట్ అను దానిని వెదకికొనవలెను, అందు 12 గ్రాములకు లోపు. మా సీసా చీటీ వఱదలోఁ బోయినది గావున నది యేదియో తెఱచినఁ గాని తెలియదు.

ఇఁక అనుపానము. ఆహారముతో నేది త్రాగవలెనను ప్రశ్న పాశ్చాత్యులకే పుట్టినదని కొందఱ యభిప్రాయము. చరకుఁడు దీనిని విచారించెను. ఆహారగుణమునకు విపరీతమై, శరీరధాతువులకు విరుద్ధము గానిది తగిన యనుపాన మని యాతని సిద్ధాంతము. జిడ్డైన దానికి రూక్షము, శీతమైన దానికి నుష్ణము. అలవాటు గలవారికి మాంసముతో మద్యమును బ్రాచీనవైద్యులు చెప్పియే యున్నారు, మద్యము వలనఁ గలుగు రోగములను అంతకన్న విపులముగఁ జెప్పిరి. ద్రాక్షమద్యము కౌటిల్యునకుఁ దెలియును. దానికి మధు వని పేరు పెట్టి, అది పుట్టిన దేశములను బట్టి కాపిశాయన మనియు హారహూరక మనియు భేదములు చెప్పెను. కాపిశము నేఁటి కాబూలునకు నుత్తరమున నున్నది. మద్యముతో నంజుకొను దానికి సంస్కృతమున నవదంశ మని పేరు, మనవారు నంజుడు అందురు. అన్నము ప్రధానమై పానము వెంట వచ్చినచో అనుపానము, పానము ప్రధానమై తిండి వెంట వచ్చినచో అవదంశము. ఈ రెండు మాటల నడుమ నున్న యెడమే కొన్ని కుటుంబముల కూడు గుడ్డ యని నేను దలఁచుచుందును.

శిష్యుని భోజనశాలలో నెఱ్ఱని నురుఁగు మద్యముతోఁ బెట్టునవి బాతుమాంసము, లేడిమాంసము, పొగపెట్టిన మాంసము, తుదకుఁ జెఱ్ఱీపండ్లును జేదైన చాక్లెట్టును. వగరునకుఁ గొవ్వును నుప్పును విఱుగుడు. నురుఁగు నాలుకపై జిడ్డును గడిగివేయును. మఱి మన వంటలకో? అది యెవరును వ్రాసి పెట్టలేదు. పరీక్షింపవలసినదే.

కనుమనాఁడు పరీక్షింతమని శిష్యుఁ డనెను. మాంసాహారుల కది తగిన దినము. అతని బాల్యమిత్రుని పలకల కార్ఖానా ఆనాఁడు సెలవు. ఆవరణములోఁ జింతచెట్టు క్రింద నలుగురు మిత్రులు కూర్చుండిరి. నేను గాలి పైకి కూర్చుంటిని, చేతఁ గాగితము పట్టుకొని. సీసాను మంచులోఁ గొంతసేపు మాత్రమే యుంచిరి. తెల్లనిదైనచో మిక్కిలి చల్లఁబఱతురఁట, ఎఱ్ఱనిదానిని బది పండ్రెండు డిగ్రీలకుఁ దగ్గింపరాదు, తగ్గించిన వగరు గట్టిపడును. తిండి యేదియని నే నడుగుచుండఁగనే శిష్యుని తల్లి తలపై గంపతో వచ్చెను. ఆమె రాఁగలదని కుమారుఁడును నెఱుఁగఁడు. గంప దించి, ఎవరి మొగమును జూడక, విస్తళ్ళు పఱచెను.

వారి మాటలను నేను వ్రాసికొన్నంత వఱకుఁ జెప్పుచున్నాను. నాటుకోడి పులుసుతో మద్యము పనికిరాలేదు. మిరపకారమును బట్టి నురుఁగు నాలుకపై సూదులవలెఁ గ్రుచ్చెను, వగరు దానికిఁ దోడయ్యెను. చరకునకు మిరపకాయ తెలియదు. అది పోర్చుగీసువారి వెంట వచ్చినది. తెలిసియున్నచో నతఁడు దానికి మజ్జిగ తప్ప వేఱు చెప్పియుండఁడు. గోంగూరతోఁ దినఁగా మద్యము పుల్లఁదనము కోలుపోయి చప్పఁబడెను. మిత్రుఁ డొకఁడు తెచ్చిన కంభము చెఱువు చేఁపవేఁపుడుతో నోట నినుపరుచి పుట్టెను. నిప్పులపైఁ గాల్చి, ఉప్పును మిరియపుఁ బొడియుఁ జల్లిన యేటమాంసముతో మాత్రము నలువురును దలయూఁచిరి. అంతకన్న బాగుగఁ గుదిరినది, ఎవరు ననుకొననిది, జొన్నరొట్టెయు వేరుసెనగ పచ్చడియును. పచ్చడి నూనె వగరును మెత్తఁబఱచినదనియు, కాలిన రొట్టె మాడువాసన మద్యపు వాసనతో జతపడినదనియు శిష్యుఁడు చెప్పెను. అరిసె తినఁగానే యదే మద్యము నిమ్మరసమువలె నయ్యెనఁట. తీపి వంటకము త్రాగుదానికన్నఁ దియ్యగా నుండరాదని దాని సూత్రము. సీసా ట్రోకెన్ జాతిదని యప్పటికిఁ దేలినది.

తల్లి యిదంతయుఁ జూచుచుండెను. తుదకుఁ గుమారుని నడిగెను.

"అన్నం తింటా తాగుతారా వాళ్లు?"

"మా హోటల్లో అంతేనమ్మా. కంచం లేకుండా గ్లాసు పెట్టం."

ఆమె కొంతసేపు మాటాడలేదు. తరువాత నా వంకఁ దిరిగి, "ఈళ్ల నాయన తాగొచ్చినాడంటే కంచం గోడకు తగిలేది అయ్యవారూ. ఇట్ల తిని తాగుంటే బతికుండునేమో" అనెను.

అది సరియైన మాట కాదు. వైద్యులు కాదందురు, నాకును దెలియును. ముప్పదియేండ్లు పిల్లలు తప్పు పలికినఁ జాలు వెంటనే దిద్దినవాఁడను. ఆనాఁడు దిద్దలేకపోయితిని. దానికి మాఱుగా, వాచకము లేనందులకుఁ దన కుమారుని నేను గొట్టిన సంగతి యెత్తితిని. శిష్యుఁడు తనకు జ్ఞాపకము లేదనెను. తల్లి, "నాకుంది" అని విస్తళ్ళు తీయసాగెను.

సీసా ఖాళీ యైనది. నలువురకు గ్లాసుఁడు వచ్చినది, అంతే. మిత్రులలో నొకఁడు గాజు మంచిదని, కడిగి నీళ్ళు పట్టుకొందునని యందుకొనెను. మా పడమటి మండలములలో నీటి సీసా విలువ యెట్టిదో, ఫ్లోరైడు బావుల నీరు త్రాగి వంగిన యెముకలను జూచినవారికిఁ దెలియును. తల్లి వానిని వారించి, యా బురద యేమని కుమారుని నడిగెను. అంతవఱకు నెవరును ఆమెకుఁ జెప్పలేదు. అతఁడు వఱద సంగతి చెప్పెను.

"ఎంతమంది పోయినారు?"

"నూట ముప్పై మందికి పైనేనమ్మా."

ఆమె సీసాను దీసికొని చేతిలోఁ ద్రిప్పి చూచి నా కిచ్చెను. "కడగొద్దు అయ్యవారూ. ఆ మట్టి ఎవురింటిదో."

ఇప్పుడును నది నా బీరువాలో, పాఁత పలకల ప్రక్క నున్నది. మట్టి యెండి కొంచెము కొంచెముగా రాలుచున్నది. పుస్తకములు దులుపునప్పుడు దానిని మాత్రము కదలింపవలదని యింటివారితోఁ జెప్పియున్నాను.